కిరాయికి కుట్టిన తెరచాప

డీజిలింజను మొన్ననే చచ్చింది.
మైలపల్లి ఎర్రయ్య దగ్గర పడవుంది, గాలుంది,
తెరచాప లేదు.
నా దగ్గర కుట్టుమిషనుంది,
అవతలి ఒడ్డుకు చేరే డబ్బుల్లేవు.
బేరం అంతే.

ఎరువు సంచులు పద్దెనిమిది,
పోయిన ఎన్నికల ఫ్లెక్సీ ఒకటి:
దండం పెట్టే చేతులు మిగిలాయి,
మొహం ఎవరో చింపుకుపోయారు.
రెండు రాత్రులు సోమశిల రేవు పాకలో తొక్కుతూనే ఉన్నాను.
జాకెట్టుకైతే మనిషి వచ్చి కొలతిస్తుంది.
గాలి కొలత ఎవరిస్తారు?

పొద్దున్నే బయల్దేరాం.
నేను, కాళ్ళు విప్పి గోనెలో చుట్టిన మిషను,
మేకల నాగన్న, అతని ఐదు మేకలు,
చుక్కాని దగ్గర ఎర్రయ్య.
శ్రావణం. కృష్ణ నిండుగా ఉంది,
తనకో ఒడ్డుందని మరిచిపోయేటంత.

సగం దారిలో పడమర నల్లబడింది.
ముందు వాసనొచ్చింది, తర్వాత చలి,
ఆ తర్వాత నీళ్ళు లేచి నిలబడ్డాయి.
పడవ ఒరిగి, చాటలో గింజల్లా
మమ్మల్నందర్నీ ఒక మూలకు చెరిగింది.
మేకలు మూగపోయాయి.
నాగన్న తెలిసిన దేవుళ్ళందరినీ పిలిచి
తెలియనివాళ్ళ పేర్లు నన్నడిగాడు.

ఎర్రయ్య భావనపాడు సంద్రం పక్కన పుట్టినవాడు.
"ఇదేటి సంద్రమేటమ్మా,
గిన్నెలో నీళ్ళకి కోపమొచ్చింది, అంతే."
నవ్వాడు గానీ
పళ్ళు బిగించే నవ్వాడు.

అప్పుడు చిరిగింది.
ఫ్లెక్సీ కాదు, సంచీ కాదు,
నా కుట్టు.
రెండో రాత్రి నిద్రకళ్ళతో
తిరగేసి కుట్టకుండా వదిలేసిన జానెడు.
నాకు తెలుసు. గాలికీ తెలిసిపోయింది.
రెండంచులూ రెండు పిడికిళ్ళలో పట్టి వేలాడాను.
"వదలకు" అన్నాడు.
ఎంతసేపో తెలీదు.
భయం మాటలు వెతుక్కుంటుంది కదా, అడిగాను:
రెండు రాష్ట్రాల గీత ఎక్కడొస్తుంది?
"పటంలో ఉంటాదట.
నా వలకెప్పుడూ తగల్నేదు."
ఇంకాస్త దూరం పోయాక, తనంతట తనే,
"ఇక్కడ లోతు తక్కువ. కింద ఊరుంది" అన్నాడు.
ఎవరింటి మీదుగానో దాటుతున్నాం.
కాళ్ళు ముడుచుకున్నాను.

సంగమేశ్వరం దిక్కు ఒడ్డు. మోకాలిలోతు నల్లరేగడి.
మేకలు ముందు దిగాయి,
ఎవర్నీ అడక్కుండా మేత మొదలుపెట్టాయి.
నేను దిగాను, నేల ఊగింది.
తుమ్మచెట్టు పట్టుకున్నాను.
చెట్టూ ఊగింది, ముల్లు మాత్రం కదలకుండా దిగింది.

వలలు ఆరేసిన గుంజల దగ్గర ఒక ముసలమ్మ.
మద్దమ్మంటారట.
"ఏ దేశమమ్మా మీది?"
ఊరడగలేదు, కులమడగలేదు, దేశం అడిగింది.
వెనక్కి చెయ్యి చూపాను.
వానలో అక్కడేమీ లేదు.
"అట్లనా" అంది,
నిజంగానే అక్కడేమీ లేనట్టు.

జొన్నరొట్టె తుంచి ఊరిమిండి అద్ది పెట్టింది.
కళ్ళలోంచి, చెవుల్లోంచి పొగ.
మా వైపు కారం ఇంత దూరం రాదు.
ఎర్రయ్య వలకు దొరకని గీత
నా నాలుక మీద దొరికింది.

మిషను దించగానే పిల్లలు మూగారు.
ఒకడు వెనక చినిగిన నిక్కరు
రెండు చేతులా మూసుకుని నిలబడ్డాడు.
"కుడ్తావామ్మీ? దుడ్లు రేపిస్తా."
దారం నోట్లో తడిపాను.
బెజ్జం ఇటుంటే దారం అటు పోతుంది,
దారం ఇటొస్తే బెజ్జం అటు.
మూడుసార్లు. నాలుగోసారి చెయ్యి దించేశాను.
వేళ్ళలో ఇంకా కృష్ణ లేచి నిలబడే ఉంది.

మద్దమ్మ సూది తీసుకుంది.
పొరలు కమ్మిన కళ్ళు, అవి మూసేసుకుని
గోటితో తడిమి ఎక్కించి ఇచ్చింది.
"కూసో" అంది.
"నేల నిలబడేదాకా కూసో.
వాని నిక్కరు యాడికి పోదులే."